అర్జీ ఇచ్చారు సరే, రశీదు ఏది?

సర్కారీ ఆఫీసుల్లో ఆగిపోయిన పనుల గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. పేర్లు తీసేశాం, ప్రశ్నలను కాస్త కుదించాం.

ప్రశ్న: నాన్నగారు పోయాక నాలుగెకరాలు మా పేర మార్చుకోవడానికి (మ్యుటేషన్‌కు) మీసేవలో దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలు దాటింది. వీఆర్వోను అడిగితే ఆర్‌ఐ దగ్గరుందంటారు. ఆర్‌ఐ సర్వేయరు రావాలంటారు. తహసీల్దారుగారు ‘చూద్దాం’ అంటారు. కాదని ఎవరూ అనరు, పని మాత్రం కాదు. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చా? (ప్రకాశం జిల్లా)

ఇప్పుడే చేసుకోలేరు. చిక్కంతా అక్కడే ఉంది. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తహసీల్దారు రికార్డు మారుస్తూ గానీ, మార్చనంటూ గానీ ఉత్తర్వు ఇస్తే దాని మీద 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు ఉంటుంది. ఉత్తర్వే లేకపోతే అప్పీలు దేని మీద వేస్తారు? ‘చూద్దాం’ అనే మాటకు నంబరూ ఉండదు, తేదీ ఉండదు. కాదని రాస్తే కారణం చెప్పాలి, సంతకం పెట్టాలి, రేపు పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఊరుకుంటే ఏ తంటా లేదు. అందుకే ఆఫీసుల్లో తిరస్కారం కంటే మౌనమే ఎక్కువ. అవుననో కాదనో సంతకం పడిన కాగితం ఒకటి రాబట్టడమే మీ మొదటి పని. కాదన్నా ఫర్వాలేదు, అప్పీలుకు దారి దొరుకుతుంది. తెలంగాణ పాఠకులకు ఒక మాట: అక్కడ 2020 చట్టంలో ఎత్తేసిన అప్పీలును 2025 భూభారతి చట్టంలో మళ్లీ పెట్టారు. అయితే అక్కడా ఉత్తర్వు ఉంటేనే అప్పీలు.

ముందు మీ వైపు లోటు లేకుండా చూసుకోండి. మ్యుటేషన్లు ఆగేది చాలావరకు నాలుగు చోట్ల. పాత దస్తావేజులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం. 1బిలో (భూహక్కుల రికార్డులో) విస్తీర్ణానికీ రిజిస్టరు కాగితంలో విస్తీర్ణానికీ నాలుగైదు సెంట్ల తేడా రావడం. వారసుల్లో ఒకరి సంతకం లేకపోవడం, సాధారణంగా పెళ్లయి వెళ్లిన ఆడపడుచుది. అన్నదమ్ములు తెల్లకాగితం మీద పంచుకుని, దాన్నే ఆధారంగా పెట్టడం. వీటిలో ఏదైనా ఉంటే మీరు ఎన్ని అర్జీలు పెట్టినా అవతలివాళ్లకు సాకు మీరే అందించినట్టు.

లోటు లేదనుకున్నాక ఒక పేజీ ఉత్తరం రాయండి. పైన మీసేవ దరఖాస్తు నంబరు, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం. కింద ఒకటే కోరిక: ‘పై దరఖాస్తుపై ఉత్తర్వు ఇవ్వండి. లోపాలుంటే రాతపూర్వకంగా తెలపండి’. మీ కష్టాలు, వీఆర్వో మీద ఫిర్యాదు ఇందులో కలపొద్దు. కలిపితే అది మ్యుటేషన్ ఉత్తరం కాకుండా ఫిర్యాదుల ఫైల్లో పడుతుంది, ఇక దాని దారి వేరు. రెండు ప్రతులు పట్టుకెళ్లి, టపా తీసుకునే చోట రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, పొట్టి సంతకం వేయించుకోండి. ‘ఇచ్చి వెళ్లండి, నేను చూసుకుంటా’ అన్న గుమాస్తా మంచివాడే కావచ్చు గానీ రేపు ఆయన బదిలీ అయితే మీ ఉత్తరం రానట్టే. ముద్ర వేయకపోతే అక్కడ వాదించకుండా పోస్టాఫీసుకు నడవండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీని అప్పుడే ప్రింటు తీసి రశీదుకు పిన్ను కొట్టండి. కొన్నాళ్లు పోతే ఆ పేజీ ఆన్‌లైన్‌లో దొరకదు.

తర్వాతిది సమాచార హక్కు చట్టం, 2005. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ‘ఎందుకు చేయలేదు?’ అని అడగడం. చట్టం 2(ఎఫ్) సెక్షన్‌లో సమాచారం అంటే రికార్డులో ఉన్నది. ‘ఎందుకు’ అన్నదానికి రికార్డులో జవాబు ఉండదు గనుక ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని ఒక్క వాక్యంతో తోసేస్తారు, అది చట్టప్రకారం చెల్లుతుంది కూడా. ఫైలు ఎక్కడెక్కడ ఎన్నాళ్లుందో అడగండి. ఇలా రాస్తే చాలు:

‘తేదీ ____ నాటి నా దరఖాస్తు నం. ____కు సంబంధించి: నేటి వరకు ఉన్న నోట్ ఫైలు, కరెంట్ ఫైలు నకళ్లు, దరఖాస్తు ఏ హోదా ఉద్యోగి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో ఆ వివరం, సెక్షన్ గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఈ నంబరు నమోదైన పేజీ నకలు, వీఆర్వో, ఆర్‌ఐ ఇచ్చిన నివేదికల నకళ్లు, ఈ సేవకు పౌర సేవా పత్రంలో నిర్ణయించిన గడువు.’

ఇందులో పదునైనది పర్సనల్ రిజిస్టరు పేజీ. సెక్షన్‌కు వచ్చిన ప్రతి కాగితం ఏ రోజు వచ్చింది, ఏం చేశారు, ఎప్పుడు ముగించారు అని గుమాస్తా రాయాల్సిన పుస్తకం అది. మీ నంబరు ఎదురుగా గడులు ఖాళీగా ఉంటే ఆ ఖాళీయే మీకు సాక్ష్యం.

రుసుము గ్రామస్థాయి కార్యాలయానికి లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10. తెల్లరేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. పోస్టల్ ఆర్డరు ఎవరి పేర తీయాలన్న దగ్గర తప్పుపోయి తిరిగొచ్చిన దరఖాస్తులు చాలా ఉంటాయి; కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే ఆ గొడవ ఉండదు. అధికారి పేరు కాకుండా ‘పౌర సమాచార అధికారి, తహసీల్దారు కార్యాలయం’ అని హోదాకే పంపండి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 6(2)లో ఉంది. గడువు 30 రోజులు. అది దాటితే సమాచారం ఉచితంగానే ఇవ్వాలి.

జవాబు రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా, ఆ తేదీ నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు. మండల ఆఫీసు విషయంలో సాధారణంగా ఆర్డీవోకు. దీనికి రుసుము లేదు. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అక్కడ వంతు రావడానికి చాలాకాలం పడుతుంది, ఆ ఆశ మీద మిగతా పనులు ఆపుకోవద్దు. ఇంకో తప్పు చెప్పాలి. కోపంలో చాలామంది అప్పీలు వదిలేసి 18వ సెక్షన్ కింద కమిషన్‌కు ఫిర్యాదు చేస్తారు. ఆ దారిలో అధికారికి జరిమానా పడొచ్చు గానీ (రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయలు) కాగితాలు ఇప్పించే అధికారం ఆ సెక్షన్‌లో లేదని మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మీకు కావాల్సింది కాగితాలైతే 19వ సెక్షన్ అప్పీలే.

ఈ కాగితాలతో హైకోర్టుకు వెళ్తే పని సులువవుతుంది. రాజ్యాంగం 226వ అధికరణం కింద మాండమస్ రిట్, అంటే అధికారి తన విధి చేయాలని కోర్టు ఆదేశించాలని కోరే పిటిషన్. అయితే హైకోర్టు మీకు పాసుపుస్తకం ఇప్పించేస్తుందనుకోవద్దు. ‘ఫలానా దరఖాస్తును ఇన్ని వారాల్లో పరిశీలించి చట్టప్రకారం ఉత్తర్వు ఇవ్వండి’ అంటుంది. మనకు కావాల్సిందీ అదే. ఆ తీర్పు చేతికొచ్చాక గెలిచామని ఇంట్లో కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. సర్టిఫైడ్ కాపీని కవరింగ్ లెటరుతో తహసీల్దారుకు మీరే అందజేసి, ముద్ర వేయించుకోండి. ‘కోర్టు ఉత్తర్వు మాకు అందలేదు’ అన్నది అరిగిపోయిన జవాబే గానీ ఇంకా పనిచేస్తోంది. గడువు దాటినా పాటించకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ ఏడాదిలోపే వేయాలి.

లాయరు ఖర్చుకు భయపడుతున్నారేమో. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. మీ అమ్మగారు కూడా వారసురాలే కదా, పిటిషనరుగా ఆవిడను పెట్టండి. హెల్ప్‌లైన్ 15100.

ప్రశ్న: సమాచార హక్కు కింద అడిగితే ‘సదరు ఫైలు లభ్యం కావడం లేదు’ అని జవాబిచ్చారు. ఇక దారి మూసుకుపోయినట్టేనా? (కృష్ణా జిల్లా)

మూసుకుపోలేదు. సమాచారం ఇవ్వకుండా ఉండటానికి చట్టంలో ఉన్న మినహాయింపులన్నీ 8, 9 సెక్షన్లలో ఉన్నాయి, వాటిలో ‘ఫైలు పోయింది’ అన్నది లేదు. రికార్డు కనిపించకపోతే గట్టిగా వెతికించడం, బాధ్యులెవరో విచారించడం జరగాలని విశ్వాస్ భాంబుర్కర్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది. మొదటి అప్పీలులో మూడు కోరండి: వెతికిన వివరం రాతలో ఇవ్వాలి, ఫైలు ఆఖరుగా ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చాలి, ఇతర కార్యాలయాల్లోని ప్రతులతో ఫైలును మళ్లీ తయారుచేయాలి.

ఇంతకీ ఫైలు నిజంగానే పోయిందా, చించేశారా? పాత ఫైలు నంబరుకు ముందు ఉన్న అక్షరాలు చూడండి. రెవెన్యూ ఆఫీసుల్లో ముగిసిన ఫైళ్లకు ‘ఆర్.డిస్.’ అని ఉంటే శాశ్వతంగా ఉంచాల్సినది, ‘డి.డిస్.’ అంటే పదేళ్లు ఉంచాల్సినది, ‘ఎల్.డిస్.’ అంటే త్వరగా నాశనం చేసేది. ‘ఎన్.డిస్.’ అంటే అసలు కాగితమే పంపినవారికి తిప్పిపంపేశారని. పట్టా ఉత్తర్వుల్లాంటిది ‘ఆర్.డిస్.’ కింద ఉండి ‘లేదు’ అంటున్నారంటే ఎవరో జవాబు చెప్పి తీరాలి. ఎల్.డిస్. అయితే ఎంత పోట్లాడినా దొరకదు, ఆ శక్తి ఇంకోచోట పెట్టండి. తహసీల్దారు పంపిన నివేదికల నకళ్లు ఆర్డీవో ఆఫీసులోనో కలెక్టరేట్లోనో ఉంటాయి, కొలతలు సర్వే శాఖ దగ్గర, దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు దగ్గర. విడివిడిగా దరఖాస్తులు పెట్టండి.

ప్రశ్న: మా అత్తగారికి వితంతు పింఛను రెండు నెలలుగా ఆగింది. అడిగితే చనిపోయినట్టు నమోదైందంటున్నారు. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు. (మహబూబ్‌నగర్ జిల్లా)

‘బతికే ఉన్నాను’ అని అర్జీ రాసుకోవాల్సి రావడం ఎంత అవమానమో మాకు తెలుసు. కానీ రాసే ముందు ఒకటి తేల్చుకోండి: ఆవిడ ‘చనిపోయింది’ ఏ రికార్డులో? మూడు చోట్ల జరుగుతుంది. పింఛన్ల జాబితాలో మాత్రమే గుర్తుపెడితే ఎంపీడీవో (పట్టణమైతే మున్సిపల్ కమిషనరు) స్థాయిలో సరిదిద్దవచ్చు. జనన మరణ రిజిస్టరులోనే నమోదైతే 1969 చట్టం 15వ సెక్షన్ కింద ఆ నమోదు రద్దుకు రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టాలి. ఆధార్ నంబరునే నిలిపేస్తే ఉడాయ్ వాళ్ల హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం చూడాలి, ముందు 1947కు ఫోన్ చేయండి. ఒక రికార్డు సరిచేసి మిగతావి వదిలేస్తే ఆర్నెల్లలో పింఛను మళ్లీ ఆగుతుంది.

ఆవిడను స్వయంగా ఎంపీడీవో ముందు నిలబెట్టి, అర్జీ ఆవిడ వేలిముద్రతోనే ఇప్పించండి. బతికున్నట్టు అందరికన్నా గట్టి సాక్ష్యం, ‘మరణించిన’ తేదీ తర్వాత ఆవిడ వేలిముద్రతో జరిగిన లావాదేవీ. రేషన్ దుకాణంలో సరుకులు తీసుకున్న రశీదు, ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసిన స్లిప్పు, ఏదైనా సరే. అర్జీలో పునరుద్ధరణతోపాటు ఆగిన నెలల బకాయి అని విడిగా రాయండి. పునరుద్ధరణ ఒక్కటే అడిగితే వచ్చే నెల నుంచి ఇచ్చి చేతులు దులుపుకుంటారు.

అదే రోజు సమాచార హక్కు కింద ఇంకో కాగితం పెట్టండి: మరణించినట్టు నమోదుకు ఆధారమైన పత్రం నకలు, నమోదు చేసిన ఉద్యోగి హోదా, తేదీ. చాలాసార్లు ఆధారపత్రమే ఉండదు, ఒకే పేరున్న ఇంకొకరి చావు ఈవిడ ఖాతాలో పడి ఉంటుంది. అరుదుగా దాని వెనక ఇంకో లెక్క ఉంటుంది. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీని రెవెన్యూ రికార్డుల్లో చంపేసింది ఆయన భూమి మీద కన్నేసిన బంధువులే. 1994లో గానీ రికార్డుల్లో ఆయనకు ప్రాణం రాలేదు. ఆలోపు పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకుని, ఎన్నికల్లో నిలబడి, తనలాంటివాళ్లతో ఒక సంఘమే పెట్టారు. మీ ఇంట్లో అలా జరిగిందని కాదు. మీ అత్తగారి పేర సెంటు భూమి ఉన్నా ఆ రికార్డు ఈ వారమే తీసి చూడండి.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రిటైరయ్యాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి ఒకేసారి ఇచ్చే మొత్తం) ఇంకా రాలేదు. ఆలస్యానికి వడ్డీ అడగొచ్చా? (నల్గొండ జిల్లా)

అడగొచ్చు. కేరళ ప్రభుత్వం వర్సెస్ పద్మనాభన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు 1984లో చెప్పిన మాట ఇది: పింఛను, గ్రాట్యుటీ ప్రభుత్వం దయతో ఇచ్చేవి కావు, తప్పు వాళ్లదై ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. కానీ ‘తప్పు వాళ్లది’ అని మీరు చూపించాలి. అందుకే ముందు ఆగింది మంజూరుకు ముందో తర్వాతో చూసుకోండి. పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు రాలేదంటే సర్వీసు రిజిస్టరులో ఏదో ఖాళీ ఉండి ఆడిట్ అభ్యంతరం పడి ఉంటుంది. వార్షిక సర్వీసు వెరిఫికేషన్ సంతకాలు కొన్నేళ్లు లేకపోవడం, పాత పీఆర్సీ (వేతన సవరణ) ఫిక్సేషన్ తేడా, సెలవుల నమోదు తప్పడం మామూలు. ఆ అభ్యంతరం నకలు తీసుకుని, హెడ్‌మాస్టరు ద్వారా జవాబు పంపించే బాధ్యత మీరే నెత్తిన వేసుకోండి, ఇంకెవరూ వేసుకోరు. పీపీఓ వచ్చి డబ్బు రాలేదంటే బిల్లు ట్రెజరీలోనో ఆర్థికశాఖ దగ్గరో ఉన్నట్టు. అప్పుడు అడగాల్సింది బిల్లు టోకెన్ నంబరు, తేదీ.

రాష్ట్ర ఉద్యోగులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరిపాలనా ట్రైబ్యునల్ ఇప్పుడు లేదు, నేరుగా హైకోర్టుకే. తోటి పెన్షనర్లు వేసిన కేసు తేలాక చూద్దామని ఏళ్లు ఆగొద్దు. పింఛను తక్కువ కట్టిన కేసుల్లో ఎంత ఆలస్యంగా వచ్చినా వినొచ్చు గానీ బకాయి మాత్రం సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారని తర్సేమ్ సింగ్ కేసులో (2008) సుప్రీంకోర్టు తేల్చింది. ఆగిన ప్రతి ఏడాదీ మీ జేబులోంచే పోతుంది.

ప్రశ్న: కలెక్టరేట్లో సోమవారం అర్జీ ఇచ్చాను. ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు సందేశం వచ్చింది. పరిష్కారమేమీ లేదు! (విజయనగరం జిల్లా)

అక్కడ ఇచ్చిన అర్జీ తిరిగి మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో వాళ్ల లాగిన్‌కే చేరుతుంది. వాళ్లు ‘విచారణలో ఉంది’ అని ఒక ఎండార్స్‌మెంట్ (అర్జీ మీద రాసే జవాబు) ఎక్కిస్తే లెక్కలో అది ముగిసినట్టే. ఆంధ్రలో పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అయినా తెలంగాణలో ప్రజావాణి అయినా ఇదే తీరు. దాన్ని తీర్పు ఇచ్చే చోటుగా చూడకండి, కలెక్టరు ముద్రతో ఒక తేదీ దొరికే చోటుగా వాడుకోండి. ఆ ఎండార్స్‌మెంట్ ప్రింటు తీసుకుని, అందులో అబద్ధమైన వాక్యం కింద గీత గీసి, మళ్లీ తెరవమని వచ్చే సోమవారం ఇవ్వండి. ఒక అర్జీలో ఒకే సమస్య. మూడు రాస్తే సులువైనదానికి జవాబిచ్చి మూడూ ముగిస్తారు.

ప్రశ్న: పని చేయడానికి పదివేలు అడుగుతున్నారు. ఇస్తే నేనూ నేరస్థుణ్నే అంటున్నారు, నిజమేనా? (పేరు, ఊరు వద్దన్నారు)

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. రెండు మినహాయింపులున్నాయి. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ల పథకం ప్రకారం ఇస్తే మీకు ఏ నేరమూ అంటదు. ఫోన్ 1064. వాళ్లు మొదట చూసేది మీ పని ఆ అధికారి దగ్గర నిజంగా పెండింగులో ఉందా అన్నది. మళ్లీ ఆ ముద్ర వేసిన రశీదే అక్కరకొస్తుంది. నోట్ల నంబర్లు రాసుకుని ఫినాఫ్తలీన్ పొడి పూసి మీకిస్తారు. ఆయన అడగకుండా మీరు ఇవ్వకూడదు, అదే కేసుకు ప్రాణం. డబ్బు అందుకున్నాక ఆయన వేళ్లు సోడా నీళ్లలో ముంచితే గులాబీరంగు తిరుగుతుంది. అయితే రంగు తిరిగినంత మాత్రాన సరిపోదు, అడిగినట్టు కూడా రుజువు కావాలి. అది పరిస్థితుల సాక్ష్యంతోనూ రుజువు చేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాల్ రికార్డింగులు చెరపకండి. వేరే ఫోన్లోకి పంపేసి అసలు ఫోన్ మార్చేస్తే అవతలి లాయరుకు పండగ.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. ఊళ్లో మా స్థలం నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) చేర్చారని తెలిసింది. ఇక్కడి నుంచి పోరాడగలనా?

మీది ఇప్పటికీ భారత పాస్‌పోర్టు అయితే సమాచార హక్కు దరఖాస్తు మీ పేరుతోనే పెట్టొచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డైతే ఆ చట్టం 3వ సెక్షన్‌లో ‘పౌరులు’ అని ఉంది గనుక ఇక్కడున్న తోబుట్టువుతో పెట్టించండి. అడగాల్సింది: రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్‌లో ఏ క్లాజు కింద చేర్చారు, ప్రతిపాదించిన ఉత్తరం నకలు. క్లాజు తెలియకుండా లాయరు దగ్గరికి వెళ్తే ఆయనా ఊహించి రాయాల్సిందే. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, సీలింగు మిగులు భూమి, దేనికదే వేరు జవాబు.

ఆఫీసుల్లో మీ తరఫున తిరిగేవారికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాలి. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి. అది ఇండియాకు చేరిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియరు కవరు పారేయకండి, చేరిన తేదీకి రుజువు ఆ కవరే.